అడిగిన దశాబ్దం

1960 ఫిబ్రవరి 1, సోమవారం. సాయంత్రం నాలుగున్నర. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరో పట్టణం. అక్కడి వూల్‌వర్త్ దుకాణంలోకి నలుగురు కుర్రాళ్లు వచ్చారు. ఎజెల్ బ్లెయిర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్. నలుగురూ నల్లజాతివాళ్లు, కాలేజీలో మొదటి సంవత్సరం విద్యార్థులు. టూత్‌పేస్టులాంటి చిల్లర సామాన్లు కొని, డబ్బు కట్టి, రసీదులు తీసుకున్నారు. తర్వాత అదే దుకాణంలోని ఫలహారాల కౌంటర్ దగ్గరికెళ్లి స్టూళ్లమీద కూర్చుని కాఫీ అడిగారు.

ఇవ్వలేదు. అక్కడ కూర్చుని తినడం, తాగడం తెల్లవాళ్లకే. పక్క కౌంటర్లో తమ డబ్బు తీసుకున్న దుకాణం ఇక్కడ ఎందుకు తీసుకోదన్నది ఆ కుర్రాళ్ల ప్రశ్న. రసీదులు అందుకే! ఎవరూ జవాబు చెప్పలేదు. వాళ్లూ గొడవపడలేదు. దుకాణం మూసేదాకా అలాగే కూర్చుని, లేచి వెళ్లిపోయారు.

మర్నాడు మళ్లీ వచ్చారు, ఇరవైమందికి పైగా. నాలుగోరోజుకి మూడొందల మంది అయ్యారు. రెండు నెలలు తిరిగేసరికి యాభైకి పైగా పట్టణాల్లో ఇదే దృశ్యం. పుస్తకాలు తెచ్చుకుని కౌంటర్ల దగ్గర కూర్చుని చదువుకునే పిల్లలు, వాళ్ల నెత్తిన సాస్ పోసి, సిగరెట్లతో కాల్చి రెచ్చగొట్టే అల్లరిమూకలు. చివరికి జులై 25న గ్రీన్స్‌బరో దుకాణం దిగివచ్చింది. ఆరోజు ఆ కౌంటర్లో మొట్టమొదట ఫలహారం అందుకున్న నల్లవాళ్లు ఎవరో తెలుసా? ఆ దుకాణంలో పనిచేసే సిబ్బందే! అన్నాళ్లూ అక్కడే చాకిరీ చేసి, అక్కడ కూర్చునే హక్కు లేనివాళ్లు.

'అడగందే అమ్మయినా పెట్టదు' అని మన సామెత. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక వచ్చిన దశాబ్దాల్లో ఈ సామెత అతికినట్టు సరిపోయేది 1960లకే. ఆ పదేళ్లలో అన్ని ఖండాల్లోనూ జనం ఏదో ఒకటి అడిగారు. రంగుని బట్టి తేడా ఎందుకని నల్లవాళ్లు అడిగారు. మా దేశం మీ చేతుల్లో ఎందుకని ఆఫ్రికా అడిగింది. ఒకే పనికి రెండు జీతాలెందుకని ఆడవాళ్లు అడిగారు. అయితే సామెతలో లేని సంగతి ఒకటుంది. అడిగిన చేతికే అందాలని లేదు. ఒకరు అడిగి దెబ్బలు తింటే మరొకరికి అందింది. ఒకచోట అడిగినది వేల మైళ్ల అవతల ఇంకెవరి ఇంట్లోనో వెలుగైంది. ఆ ఇళ్లలో తెలుగువాళ్లవీ ఉన్నాయి.

జెండా వచ్చింది కానీ...

గ్రీన్స్‌బరోలో కుర్రాళ్లు కాఫీ అడిగిన రెండు రోజులకే, అంటే ఫిబ్రవరి 3న, బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ మెక్‌మిలన్ దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ప్రసంగించారు. ఆఫ్రికా ఖండమంతటా మార్పు గాలి వీస్తోందనీ, నచ్చినా నచ్చకపోయినా ఈ జాతీయచైతన్యాన్ని ఒప్పుకోక తప్పదనీ అక్కడి పార్లమెంటు ముఖాన చెప్పారు. విన్నవాళ్లంతా తెల్లవాళ్లే. ఎందుకంటే ఆ దేశంలో మెజారిటీ ప్రజలైన నల్లవాళ్లకు ఆ సభలో చోటేలేదు.

ఆ గాలి నిజంగానే వీచింది. 1960 ఒక్క ఏడాదిలోనే ఆఫ్రికాలో 17 దేశాలకు స్వాతంత్ర్యం వచ్చింది. అందులో 14 ఫ్రాన్స్ పాలనలో ఉన్నవే. ఐక్యరాజ్యసమితిలో ఆ ఏడాది కొత్తగా చేరిన సభ్యదేశాలూ 17. అందుకే చరిత్రకారులు దాన్ని 'ఆఫ్రికా సంవత్సరం' అంటారు.

మరోవైపు అదే ఏడాది మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో ఏం జరిగింది? నల్లవాళ్లు ఎక్కడికెళ్లినా పాస్‌పుస్తకం వెంట ఉంచుకోవాలన్న చట్టాన్ని నిరసిస్తూ జనం పోలీస్‌స్టేషన్ ముందు చేరారు. పోలీసులు కాల్పులు జరిపారు. 69మంది చనిపోయారు. చాలామందికి గుళ్లు తగిలింది వీపులో. అంటే, పారిపోతుంటే కాల్చారన్నమాట. ఆరోజు అక్కడ చేరినవాళ్లు కోరిన సమానత్వం దక్కడానికి 34 ఏళ్లు పట్టింది. 1994 ఏప్రిల్‌లో గానీ దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లు దేశమంతటితో కలిసి ఓటు వేయలేదు.

స్వాతంత్ర్యం వచ్చినచోటా కథ సుఖాంతమేం కాలేదు. జూన్ 30న బెల్జియం చేతుల్లోంచి కాంగో బయటపడింది. తొలి ప్రధాని పాట్రిస్ లుముంబా. రెండు వారాలు తిరక్కుండానే రాగి గనులున్న కటంగా రాష్ట్రం, బెల్జియం అండతో, వేరుపడింది. ఏడు నెలలు నిండకముందే, 1961 జనవరి 17న లుముంబాను కాల్చి చంపారు. జెండా ఇవ్వడం వేరు, గనులు వదులుకోవడం వేరు అని కొత్త దేశాలన్నింటికీ తెలిసివచ్చింది.

అప్పుడే ఎందుకు?

అన్యాయం 1960లో పుట్టిందేమీ కాదు. మరి అడగడం అప్పుడే ఎందుకు మొదలైంది?

మొదటి కారణం వయసు. యుద్ధం 1945లో ముగిసింది. ఇళ్లకు తిరిగొచ్చిన సైనికులు పెళ్లిళ్లు చేసుకున్నారు. అమెరికాలో, ఐరోపాలో ఒక్కసారిగా పిల్లలు పెరిగారు. ఆ పిల్లలకు ఇరవై ఏళ్లొచ్చేది అరవైల్లోనే. వాళ్ల తల్లిదండ్రులు కరవునీ, యుద్ధాన్నీ చూసినవాళ్లు. ఉద్యోగం, ఇల్లు, నెలకింత జీతం ఉంటే చాలనుకున్నారు. పిల్లలకు అవి పుట్టుకతోనే దొరికాయి. అందుకే 'ఆ తర్వాతేంటి?' అన్న ప్రశ్న వాళ్లకు వచ్చింది.

రెండోది చదువు. ఫ్రాన్స్‌నే తీసుకుంటే 1960లో రెండు లక్షల పైచిలుకు ఉన్న విశ్వవిద్యాలయ విద్యార్థులు 1968కల్లా అయిదు లక్షలయ్యారు. గదులు చాల్లేదు, పంతుళ్లు చాల్లేదు. వేలమంది యువకులు ఒకేచోట చేరితే పాఠాలతో పాటు ఇంకా చాలా మాట్లాడుకుంటారు.

మూడోది టీవీ. 1960 నాటికి అమెరికాలో పది ఇళ్లలో దాదాపు తొమ్మిదింట టీవీ ఉంది. 1963 మే నెలలో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో బడిపిల్లలు ఊరేగింపు తీస్తే పోలీసులు వాళ్లమీదికి కుక్కల్ని ఉసిగొల్పారు, ఫైరింజన్ గొట్టాలతో నీళ్లు కొట్టారు. అంతకుముందైతే ఆ వార్త ఊరు దాటేది కాదు. ఇప్పుడు దేశమంతా భోజనాల వేళ ఇంట్లో కూర్చుని చూసింది. ఆగస్టు 28న వాషింగ్టన్‌లో రెండున్నర లక్షలమంది కదిలారు. వాళ్లనుద్దేశించి మాట్లాడిన మార్టిన్ లూథర్ కింగ్ 1959లో భారతదేశం వచ్చి, దాదాపు నెలరోజులు తిరిగి, గాంధీ మార్గాన్ని దగ్గర్నుంచి తెలుసుకుని వెళ్లినవాడే. 1964 జులై 2న పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం వచ్చాయి.

అదే టీవీ వియత్నాం యుద్ధాన్నీ ఇళ్లలోకి తెచ్చింది. 1968కల్లా అక్కడ అయిదు లక్షలకు పైగా అమెరికన్ సైనికులున్నారు. తగలబడే గుడిసెలూ, సంచుల్లో తిరిగొచ్చే శవాలూ రోజూ కళ్లెదుటే కనిపిస్తుంటే, యుద్ధం బాగా నడుస్తోందన్న ప్రభుత్వం మాట జనం నమ్మడం మానేశారు. బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ మహమ్మద్ అలీ 1967 ఏప్రిల్‌లో సైన్యంలో చేరనన్నాడు. బిరుదు పోయింది, మూడేళ్లకు పైగా బరిలోకి దిగే వీల్లేకపోయింది. 1971లో సుప్రీంకోర్టు ఆయనకు పడిన శిక్షను కొట్టేసింది. ఆటగాడికి అత్యంత విలువైన ఆ ఏళ్లను మాత్రం ఏ కోర్టూ తిరిగివ్వలేదు.

కుట్టుమిషన్లు ఆగాయి

వీధుల్లో నినాదాలు వినిపించినంతగా ఇళ్లలో జరిగిన మార్పు వినిపించలేదు. ఆ దశాబ్దం మొదట్లో, 1960 జులైలో, సిలోన్‌లో సిరిమావో బండారనాయకే ప్రధాని అయ్యారు. ప్రపంచంలో ఆ పదవిలోకి వచ్చిన తొలి మహిళ ఆమే. 1966 జనవరిలో మన దేశానికి ఇందిరాగాంధీ వచ్చారు. ఐరోపావాళ్లు తమకంటే వెనకబడ్డాయనుకున్న ఆసియా దేశాల్లో ఈ సంగతులు జరుగుతుంటే, ఫ్రాన్స్‌లో పరిస్థితేంటో చూడండి. 1965 జులై దాకా అక్కడ పెళ్లయిన ఆడది భర్త అనుమతి లేకుండా ఉద్యోగంలో చేరడానికి వీల్లేదు. సొంతంగా బ్యాంకు ఖాతా తెరవడానికీ వీల్లేదు!

ఇంగ్లండ్‌లో మరో కథ. లండన్ పక్కన డాగెన్‌హామ్‌లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ. కార్ల సీట్లకు తొడుగులు కుట్టేందుకు 187మంది ఆడవాళ్లు ఉండేవాళ్లు. కంపెనీ వాళ్ల పనిని 'నైపుణ్యం అక్కర్లేని పని' కింద జమకట్టింది. పైగా ఆ తరగతిలోని మగవాళ్లకిచ్చే జీతంలో 85 శాతమే ఇచ్చేది. 1968 జూన్ 7న ఆ ఆడవాళ్లు మిషన్లు ఆపేసి బయటికొచ్చారు. సీటు తొడుగులే కదా అనుకున్నారు మొదట్లో. తొడుగుల్లేక సీట్లు ఆగాయి. సీట్లు లేక కార్లు ఆగాయి. మూడు వారాలకు మంత్రి బార్బరా కాజిల్ స్వయంగా జోక్యం చేసుకున్నారు. మగవాళ్ల జీతంలో 92 శాతానికి ఒప్పందం కుదిరింది. 1970లో బ్రిటన్ పార్లమెంటు సమాన వేతన చట్టం చేయడానికి ఆ సమ్మె ఊపిరి పోసింది. కానీ వాళ్లు అసలు అడిగిందేంటి? తమ పనికి నైపుణ్యం ఉందని ఒప్పుకోమని. అది దక్కింది 1984లో, మరో సమ్మె చేశాక! అప్పటికి తొలి సమ్మెలో ఉన్నవాళ్లలో చాలామంది ఆ ఫ్యాక్టరీలోనే లేరు.

ఒకే ఏడాది, మూడు నగరాలు

1968లో ప్రపంచంలో ఒకచోట అగ్గి రాజుకుంటే ఇంకోచోట మంట లేచింది. ఏప్రిల్ 4న మెంఫిస్‌లో కింగ్‌ను కాల్చి చంపారు. ఆయన ఆ ఊరికి వెళ్లింది పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు అండగా నిలవడానికి.

మేలో పారిస్ వంతు. సోర్బాన్ విశ్వవిద్యాలయంలోకి పోలీసులు వచ్చారన్న కోపంతో విద్యార్థులు వీధుల్లోకి దిగారు. రోడ్లమీద పరిచిన రాళ్లు పీకి అడ్డుగోడలు కట్టారు. వాళ్లను చూసి కార్మికులు కదిలారు. కోటిమంది దాకా సమ్మెలో ఉన్నారని అంచనా. రైళ్లు, తపాలా, పెట్రోలు అన్నీ ఆగిపోయాయి. అధ్యక్షుడు డీగాల్ ఎవరికీ చెప్పకుండా ఓ రోజు జర్మనీలోని ఫ్రెంచి సైనికస్థావరానికి వెళ్లొచ్చారు. ఇంకేముంది, ప్రభుత్వం పడిపోతుందనుకున్నారంతా. పడలేదు. జూన్‌లో ఎన్నికలు పెడితే డీగాల్ పార్టీయే భారీగా గెలిచింది. విద్యార్థులు కోరిన విప్లవం రాలేదు. కనీస వేతనం మాత్రం 35 శాతం పెరిగింది. అంటే, మొదట అడిగింది విద్యార్థులు, అందుకున్నది కార్మికులు.

ఆగస్టులో ప్రాగ్. చెకోస్లోవేకియాలో కమ్యూనిస్టు పార్టీకే నాయకుడైన అలెగ్జాండర్ దుబ్చెక్ పత్రికలమీద సెన్సారు ఎత్తేశారు. 'మనిషి ముఖమున్న సోషలిజం' అన్నది ఆయన మాట. ఇది మాస్కోకి నచ్చలేదు. ఆగస్టు 20 రాత్రి సోవియట్ కూటమి సైన్యాలు రెండు వేల ట్యాంకులతో సరిహద్దు దాటాయి. జనం చేతుల్లో ఆయుధాల్లేవు. వీధుల పేర్ల బోర్డులూ, ఊళ్ల దారి చూపే బోర్డులూ పీకేశారు, వచ్చిన సైన్యానికి ఏది ఎక్కడుందో తెలియకుండా! ఎంతకాలం ఆపగలరు? సంస్కరణలన్నీ రద్దయ్యాయి. 1969 జనవరిలో జాన్ పలాక్ అనే ఇరవయ్యేళ్ల విద్యార్థి నగరం నడిబొడ్డున ఒంటికి నిప్పంటించుకుని ప్రాణాలొదిలాడు. ఇరవై ఏళ్లు గడిచాయి. 1989 చివర్లో అదే కూడలిలో లక్షలమంది చేరారు. ఈసారి ట్యాంకులు రాలేదు. ఆ డిసెంబరులో దుబ్చెక్ పార్లమెంటు అధ్యక్షుడయ్యారు. చూడ్డానికి జాన్ పలాక్ లేడు.

అక్టోబరులో మెక్సికో సిటీ. ఒలింపిక్స్‌కి పది రోజుల ముందు, 2వ తేదీన త్లతెలోల్కో కూడలిలో చేరిన విద్యార్థులమీద సైన్యం కాల్పులు జరిపింది. ఎంతమంది చనిపోయారన్నది ఈనాటికీ తేలలేదు. 12న ఏమీ జరగనట్టే ఆటలు మొదలయ్యాయి. 16న 200 మీటర్ల పరుగులో అమెరికన్లు టామీ స్మిత్ స్వర్ణం, జాన్ కార్లోస్ కాంస్యం గెలిచారు. జాతీయగీతం వస్తుండగా ఇద్దరూ తలలు దించి, నల్ల గ్లౌజు తొడిగిన పిడికిలి పైకెత్తారు. ఇద్దర్నీ ఆటలనుంచి ఇంటికి పంపేశారు.

ఆ ఫొటోలో మూడో మనిషి ఉన్నాడు. రజతం గెలిచిన ఆస్ట్రేలియా తెల్లవాడు పీటర్ నార్మన్. పిడికిలి ఎత్తలేదు గానీ, ఆ ఇద్దరూ పెట్టుకున్న మానవహక్కుల బ్యాడ్జిని తనూ గుండెమీద పెట్టుకున్నాడు. సొంత దేశంలో చాలాకాలం ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2006లో నార్మన్ చనిపోతే, శవపేటిక మోయడానికి స్మిత్, కార్లోస్ అమెరికానుంచి వచ్చారు. 2012లో ఆస్ట్రేలియా పార్లమెంటు ఆయనకు క్షమాపణ చెప్పింది.

ఏలికే ఉసిగొల్పితే...

యువతరం వీధుల్లోకి వస్తే అంతా మంచే జరుగుతుందా? చైనా అనుభవం అలా చెప్పదు. 1966లో మావో సాంస్కృతిక విప్లవానికి పిలుపునిచ్చారు. బడులూ, కాలేజీలూ మూతపడ్డాయి. ఎర్రపట్టీలు కట్టుకున్న రెడ్‌గార్డులు తమ ఉపాధ్యాయులనే అందరి ముందూ నిలబెట్టి కొట్టారు. గుళ్లు, పుస్తకాలు, పాత ఇళ్లు ధ్వంసమయ్యాయి.

మిగతాచోట్ల పిల్లలు అధికారాన్ని ప్రశ్నించారు. ఇక్కడ అధికారమే తన ప్రత్యర్థులమీదికి పిల్లల్ని పంపింది. పని అయిపోయాక ఆ పిల్లల్నీ వదల్లేదు. 1968 డిసెంబరు నుంచి పట్నాల యువతను పల్లెలకు తరలించారు. అలా వెళ్లినవాళ్లు కోటిన్నరకు పైనే. చాలామందికి చదువు మళ్లీ దొరకలేదు. 1981లో ఆ దేశపు కమ్యూనిస్టు పార్టీయే సాంస్కృతిక విప్లవం తీవ్రమైన తప్పిదమని తీర్మానించింది. పోయిన చదువులు మాత్రం తీర్మానాలతో రావు.

మన దగ్గరా...

ఆ గాలి తెలుగునాట వీచలేదనుకుంటే పొరపాటే. అప్పటికి మనకు టీవీ లేదు. వార్తాపత్రిక, రేడియో అంతే. 1965లో హైదరాబాద్‌లో దిగంబర కవులు తమ తొలి సంపుటిని మంత్రి చేతో, పండితుడి చేతో కాకుండా రిక్షా తొక్కే మనిషి చేత ఆవిష్కరింపజేశారు. సాహిత్యం ఎవరిదన్న ప్రశ్న అందులోనే ఉంది.

1966లో విశాఖ ఉక్కు ఉద్యమం. అయిదో ఉక్కు కర్మాగారం విశాఖకే రావాలని అక్టోబరులో టి. అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న, రాష్ట్రావతరణ దినం నాడే, విశాఖలో పోలీసు కాల్పులు. ఆ ఉద్యమంలో మొత్తం 32మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్‌లో ప్రకటన వచ్చింది. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది 1992లో. 2021లో కేంద్రం దాని అమ్మకానికి సూత్రప్రాయంగా సరేననగానే, 55 ఏళ్లనాటి 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' నినాదం మళ్లీ వీధుల్లోకొచ్చింది.

1969లో తెలంగాణ. 1956లో పెద్దమనుషుల ఒప్పందంలో రాసుకున్న రక్షణలు కాగితంమీదే ఉండిపోయాయని, ఉద్యోగాలు తమకు దక్కడం లేదని విద్యార్థులు రోడ్డెక్కారు. నెలల తరబడి కాలేజీలు మూతపడ్డాయి. ఎందరో పిల్లలకు ఆ విద్యాసంవత్సరం పోయింది. ఉద్యమకారుల లెక్క ప్రకారం చనిపోయినవాళ్లు 369మంది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి పది సీట్లు గెలిచింది. ఆ వెంటనే పార్టీయే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఇక అయిపోయిందన్నారు అందరూ. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చింది. 45 ఏళ్లు! అరవై తొమ్మిదిలో ఊరేగింపుల్లో నడిచిన ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు అప్పటికి మనవలున్న తాతలు.

తలుపు తెరుచుకుంది

ఇక తెలుగు ఇళ్లలోకి వచ్చిన వెలుగు సంగతి. మనలో ఎన్నో కుటుంబాల్లో ఎవరో ఒకరు అమెరికాలో ఉంటారు. ఆ దారి ఎప్పుడు పడింది? కంప్యూటర్లు వచ్చాకే అనుకుంటారు చాలామంది. కాదు, అంతకు ముప్ఫై ఏళ్ల ముందే.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. సరిగ్గా ఆ ఏడాదే అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు 'తెల్లవాళ్లు' కారని, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పిచ్చింది. ప్రపంచం మెచ్చే పరిశోధనలు చేసిన మనిషికి కూడా పౌరసత్వం కోరే హక్కు 1946 దాకా లేదు. 1946లో చట్టం మార్చినప్పుడైనా భారతదేశం మొత్తానికి ఇచ్చిన కోటా ఎంత? ఏడాదికి వందమంది!

ఆ గోడను కూల్చింది మనవాళ్లెవరూ కాదు. రంగుని బట్టి తేడా చూపకూడదని 1964లో దేశం లోపల చట్టం చేశాక, దేశం గుమ్మం దగ్గర మాత్రం పుట్టిన గడ్డను బట్టి తేడా చూపడం ఎలా కుదురుతుంది? పౌరహక్కుల ఉద్యమం లేవనెత్తిన ఆ ప్రశ్నకు జవాబుగానే 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ న్యూయార్క్‌లో స్వేచ్ఛాప్రతిమ పాదాల దగ్గర కూర్చుని కొత్త వలస చట్టంమీద సంతకం చేశారు. ఇదేమీ విప్లవాత్మకమైన చట్టం కాదని కూడా అన్నారు. ఆ మాట తప్పని కాలం తేల్చింది.

జాతుల కోటాలు పోయాయి. కుటుంబ సంబంధానికీ, చదువుకీ, నైపుణ్యానికీ ప్రాధాన్యం వచ్చింది. ఆ ఏడాదే వృద్ధులకు మెడికేర్ ఆరోగ్య పథకం మొదలుపెట్టడంతో అమెరికాకు డాక్టర్ల అవసరం పెరిగింది. చట్టం 1968 నడుమ నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్లు, వాళ్ల వెనకాలే ఇంజినీర్లు విమానాలెక్కారు. 1977లో న్యూయార్క్‌లో తెలుగువాళ్లు తొలి మహాసభ జరుపుకొన్నారు. 1960లో అమెరికాలో ఉన్న భారత వలసదారులు పన్నెండు వేలమంది. 2020 జనాభా లెక్కల్లో భారతీయ మూలాలున్నవాళ్లు 40 లక్షలు దాటారు.

దీనికోసం సెల్మా వంతెనమీద లాఠీదెబ్బలు తిన్నవాళ్లు తెలుగు పేరు కూడా విని ఉండరు. బర్మింగ్‌హామ్ పిల్లలు నీళ్ల గొట్టాలకు ఎదురు నిలిచినప్పుడు ఎక్కడో కృష్ణా జిల్లాలోనో, కరీంనగర్‌లోనో ఓ ఇంటికి ఇలా మేలు జరుగుతుందని ఎవరనుకున్నారు? అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లో నల్లవాళ్ల గురించి చులకనగా మాట్లాడే అలవాటు ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంటుంది. అలా మాట్లాడేవాళ్లకు ఆ దేశపు గుమ్మం ఎవరు తెరిచారో తెలియదనుకోవాలి.

అయితే 1965 చట్టం ఒక తలుపు తీసి, ఒక గీత కూడా గీసింది. దగ్గరి బంధువులను మినహాయించి తూర్పు అర్ధగోళంలోని ఒక్కో దేశానికి ఏడాదికి 20 వేలమందే అంది. ఆ దేశాలన్నిటినీ సమానంగా చూసే న్యాయమైన ఏర్పాటని అప్పట్లో అనుకున్నారు. 1990లో ఆ గీత ఏడు శాతంగా మారింది. పెద్ద దేశమైనా, చిన్న దేశమైనా అంతే. ఫలితంగా ఉద్యోగాల ద్వారా గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసే వరసలో ఎక్కువమంది భారతీయులే. కొందరి వంతు రావడానికి దశాబ్దాలు పడుతుంది. చంటిబిడ్డలుగా అమ్మానాన్నల వెంట వెళ్లినవాళ్లు 21 ఏళ్లు నిండగానే ఆ వరసలోంచి జారిపోతారు. వేరే వీసా సంపాదించుకోవాలి, లేదా ఊహ తెలిసినప్పటినుంచీ పెరిగిన దేశాన్ని వదిలిపోవాలి.

ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల తలుపులు తడుతున్నారు. వాళ్లు అడుగుతున్నది పెద్ద సంగతేమీ కాదు. ఇక్కడే చదివి, ఇక్కడే పెరిగినవాళ్ల వరసకి పుట్టిన దేశంతో పనేంటని. 1965లోనే జవాబు దొరికేసిందనుకున్న ప్రశ్న అది.